సుక్క మగదిగా ఉన్న కాలం

బొడ్డేపల్లి తవిటమ్మ గారి గేదెను దున్నపోతుగా మార్చింది నేనే.

కావాలని చేయలేదు. జూన్ నాలుగో తారీఖు మధ్యాహ్నం పశువుల కొత్త నమోదు జరుగుతోంది. పాత జాబితాలో ఉన్న ప్రతి పశువునూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు. తెర మీద లింగం అనే గడిని నొక్కితే రెండు మాటలు కిందికి జారతాయి. పైన ఆడ, కింద మగ. ఆ రోజుకు అది నా మూడు వందల పదకొండో పశువు. వేలు ఒక మెట్టు ఎక్కువ దిగింది. ఆ వెంటనే దాని దూడను కూడా ఎక్కించాను. తొమ్మిది రోజుల పెయ్యదూడ, తల్లి పేరు సుక్క. తల్లి మగదని కంప్యూటర్‌కు అనుమానం రాలేదు, నాకూ రాలేదు.

నా పేరు మజ్జి సన్యాసిరావు. జిల్లా పశుసంవర్ధక కార్యాలయంలో కాంట్రాక్టు డేటా ఎంట్రీ ఆపరేటర్ని. మా గదిలో ఒక ఫ్యాను, రెండు కంప్యూటర్లు, గోడ మీద ఒంగోలు గిత్త బొమ్మ ఉంటాయి.

తొమ్మిదో తారీఖున తవిటమ్మ గారు ఖాళీ పాలక్యాను చంకన పెట్టుకుని వచ్చారు. యాభై దాటిన మనిషి. గుర్రాలపాలెం నుంచి బస్సులో వచ్చి, స్టాండు నుంచి నడిచి, గుమ్మంలో నిలబడి అడిగారు.

"బావూ, నా సుక్క దున్నపోతంట. నిజవేనేటి?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"పాలకేంద్రం గోవిందు సెప్పినాడు. మీ ఆపీసునించి లిస్టొచ్చిందంట. తవిటమ్మకి దున్నపోతు ఒకటీ, దూడొకటీ అనుందంట. దున్నపోతు పాలు పోయించుకోడానికి రూలు లేదు, ఎనక్కి తీసుకెల్లిపో అన్నాడు. రెండు రోజులై కేను ఎత్తుకెల్లడం, ఎత్తుకు రావడం."

తెర తెరిచి చూశాను. సుక్క, ముర్రా జాతి, వయసు ఐదేళ్లు, లింగం మగ. నమోదు చేసినవారు: నేను.

"తప్పు నాదేనమ్మా. కూర్చోండి, రెండు నిమిషాల్లో దిద్దేస్తాను" అన్నాను.

గడిని నొక్కాను. కిందికి జారాల్సిన మాటలు జారలేదు. ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది: "మార్పులు నిలిపివేయబడ్డాయి. సర్క్యులర్ చూడుము."

సర్క్యులర్ మూడు రోజుల కిందటే వచ్చి బీరువా మీద పడుంది. అంతకుముందు నెల వేరే జిల్లాలో నూట నలభై గొర్రెలు తనిఖీకి ముందురోజు కంప్యూటర్‌లోంచి మాయమయ్యాయి. గొర్రెలు ఎక్కడివక్కడే మేస్తున్నాయి, నమోదులే లేవు. ఎవరు చెరిపారో, ఎప్పుడు చెరిపారో, చెరపకముందు ఏముందో చెప్పేవాడు లేడు. దాంతో కమిషనర్ గారు ఆజ్ఞాపించారు. ఇకపై శాఖలో ఏ వివరమూ చెరపరాదు, దిద్దరాదు. జరిగిన ప్రతి మార్పునూ చరిత్రతో సహా నిలుపుకునే డేటాబేస్‌ను ఎంపిక చేయాలి. ఉచితంగా దొరికే బహిరంగ సాఫ్ట్‌వేర్లలో నాలుగింటిని పోల్చి చూసే బాధ్యత మా జిల్లాకు అప్పగించారు. పోలిక పూర్తయ్యేవరకు దిద్దుబాట్లన్నీ ఆగుతాయి.

తవిటమ్మ గారిని మా జాయింట్ డైరెక్టర్ డాక్టర్ పరాంకుశం గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంతా విన్నారు. కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఆయన మొహంలో సంతోషం కనిపించింది.

"సన్యాసిరావ్, పోలికకు నమూనా ఎక్కడినుంచి తేవాలా అని నిన్నటినుంచి మథనపడుతున్నాను. ఇది సజీవమైన కేసు. పాత జాబితాలో ఈ పశువు ఆడ. కొత్త జాబితాలో మగ. రెండూ ప్రభుత్వ పత్రాలే. ఏది ఎప్పటి సత్యమో తేల్చగలిగేది చరిత్ర ఉన్న డేటాబేస్ ఒక్కటే."

"బాబూ, పసుల సాలలోకి ఒంగి సూస్తే తేలిపోద్ది గదా" అన్నారు తవిటమ్మ గారు.

"చూడమ్మా, అది పశువును చూడటం అవుతుంది. మేం చూడాల్సింది నమోదును" అన్నారు ఆయన, చాలా మర్యాదగా.

అలా సుక్క నమూనా కేసు నంబరు ఒకటి అయింది. ఇంకో కేసు ఎంపిక చేయలేదు కనుక చివరిదీ అదే.

రాజధాని నుంచి రుత్విక్ అనే కన్సల్టెంటు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, నల్ల సంచీ, పని తెలిసినవాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన దాంట్లో అతని తప్పేమీ లేదు. నాలుగు డేటాబేస్‌లనూ మూడు గంటల్లో నా కంప్యూటర్‌లోకి దింపేశాడు. "నాలుగూ ఉచితమే సార్. లోపల ఎలా రాశారో కూడా ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు" అన్నాడు.

"ఉచితమైనా కొటేషన్లు తప్పవు" అన్నారు పరాంకుశం గారు.

కొటేషన్ ఇవ్వడానికి వాటికి యజమానులు లేరు. చివరికి రుత్వికే నాలుగు కాగితాల మీద నాలుగు సున్నాలు రాసి, సీల్డు కవర్లలో పెట్టి ఇచ్చాడు. కవర్లు తెరిచారు. నాలుగు ధరలూ ఒకటే కావడం కుమ్మక్కును సూచిస్తోందని ఆడిట్ విభాగం అభ్యంతరం రాసింది. దానికి సంజాయిషీ రాయడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ పన్నెండు రోజులూ సుక్క పూటకు నాలుగేసి లీటర్లు ఇస్తూనే ఉంది. తవిటమ్మ గారు మొదట ఇరుగుపొరుగుకు పోశారు. తర్వాత పెరుగు తోడేశారు. ఊళ్లో తినేవాళ్లు తిన్నారు, మిగిలింది పులిసింది. ఆవిడ భర్త పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఆధారం ఆ గేదే. ఆవిడ మళ్లీ వచ్చి నా బల్ల పక్కన నిలబడినప్పుడు నేను తలెత్తలేకపోయాను.

"మీ ఊళ్లో ఇంకెవరికైనా గేదె ఉందా అమ్మా? ఆడది? మా లిస్టులో కూడా ఆడది?"

"మా తోటికోడలికుంది. ముసిల్ది. పూటకి లీటరున్నర ఇస్తే గొప్ప."

"మీ పాలు ఆవిడ క్యానులో కలిపి పోయించండి. ఆవిడ పేరు మీద వెళ్తాయి."

"దొంగతనం కాదేటి బావూ అది?"

"మీ పాలే గదమ్మా."

"నా పాలు నానే దొంగతనంగా పొయ్యాలన్నమాట" అని క్యాను తీసుకుని వెళ్లిపోయారు. మర్నాటినుంచి పోశారు.

జూలైలో పోలిక మొదలైంది. మీటింగు హాల్లో తెర దించి, తెర మీద సుక్క నమోదును పెట్టారు. మొదటి డేటాబేస్ నిదానమైనది. ఏదైనా మారిస్తే పాత వరుసను తీసి వెనక ఇంకో పట్టికలో దాచుకుంటుంది. అడిగితే తెచ్చి చూపిస్తుంది. పరాంకుశం గారు దాన్ని మెచ్చుకుని, "మన రికార్డు రూములాగే ఉంది, కాకపోతే ఇది తెచ్చి చూపిస్తోంది" అని రాయించారు.

రెండో దాని గురించి రుత్విక్ ఉత్సాహంగా చెప్పాడు. "సార్, ఇందులో ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్త శాఖ తెరవొచ్చు. ఒక శాఖలో సుక్క ఆడ అనుకోండి, ఇంకో శాఖలో మగ. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. తర్వాత ఏది సరైనదో చూసుకుని శాఖల్ని కలిపేయొచ్చు."

పరాంకుశం గారు కలం కింద పెట్టారు.

"శాఖ తెరవడమంటే ఆషామాషీ కాదు నాయనా. పోస్టులు మంజూరు కావాలి. ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఇక విలీనమంటావా, ఎవరు ఎవరికి సీనియరో తేలక ఉద్యోగ సంఘాలు కోర్టుకెక్కుతాయి."

"సార్, ఇది ఆ శాఖ కాదు. చెట్టుకొమ్మ లాంటిది."

"అన్ని శాఖలూ అలాగే మొదలవుతాయి" అన్నారు ఆయన. రెండో డేటాబేస్ న్యాయసలహా కోసం వెళ్లింది. ఇంకా రాలేదు.

మూడో దానికి రెండు గడియారాలు. ఒక సంగతి ఎప్పటినుంచి నిజమో ఒక తేదీ, అది మనకు ఎప్పుడు తెలిసిందో ఇంకో తేదీ, రెండూ విడివిడిగా రాసుకుంటుంది. ఆ తేదీల కోసం తవిటమ్మ గారిని పిలిపించారు. ఆవిడ కుర్చీ అంచున కూర్చున్నారు.

"చెప్పమ్మా, మీ పశువు ఎప్పటినుంచి ఆడది?" అన్నారు పరాంకుశం గారు.

"పుట్టినకాడ్నించీ ఆడదే బాబూ."

"అది నీకు తెలిసిన తేదీ. శాఖకు తెలిసిన తేదీ కావాలి."

"ఆ బావుకి సెప్పినాను గదా. కేను పట్టుకొచ్చిన రోజు. సోమారం. మీక్కూడా సెప్పినాను, ఇదే గదిలో."

"అంటే జూన్ తొమ్మిది" అంటూ రుత్విక్ టైపు చేశాడు. "టైమెంతయింది సన్యాసిరావు గారూ?"

"పదీ నలభై" అన్నాను. పోయిన కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలైన వేళ కనుక నాకు గుర్తుంది.

"బాబూ, మరిప్పుడు ఆడదైపోనాదా?" అన్నారు ఆవిడ.

"మూడోదాంట్లో అయిందమ్మా" అన్నాడు రుత్విక్. "అసలు దాంట్లో ఇంకా కాలేదు."

నాలుగోది అన్నిటికన్నా మొండిది. ఒకసారి రాసింది ఇక కదలదు. ప్రతి వరుస మీదా దాని ముందు వరుస ముద్ర ఉంటుంది, ఒక్క అక్షరం మారినా ముద్రలన్నీ తప్పుతాయి. పరాంకుశం గారు స్వయంగా అరగంట కూర్చుని సుక్కను చెరపడానికి ప్రయత్నించి విఫలమయ్యారు. "ప్రయోగం విజయవంతం" అని రాశారు.

ఇలా నాలుగింటిలో నాలుగు రకాల సుక్కలు తయారయ్యాయి. పాలకేంద్రానికి వెళ్లే జాబితా మాత్రం అసలు దాన్నుంచే వెళ్లేది. అక్కడ సుక్క దున్నపోతే. దిద్దడానికి అనుమతి ఇమ్మని నేను పరాంకుశం గారి సంతకంతో కమిషనర్ ఆఫీసుకు మూడు ఉత్తరాలు పంపాను. జవాబు లేదు.

జూలై చివర్లో జిల్లా ఉత్తమ పాడి పశువును ఎంపిక చేశారు. కేంద్రాల లెక్కల్లో ఒక్క నెలలో పాలు అన్నిటికన్నా ఎక్కువ పెరిగిన గేదె గుర్రాలపాలెంలో ఉంది. పూటకు లీటరున్నర నుంచి అయిదున్నర. తవిటమ్మ గారి తోటికోడలిది.

సభకు నేనూ వెళ్లాను. ముసలి గేదె మెడలో పరాంకుశం గారు బంతిపూల దండ వేశారు. అది దండను తినడానికి మెడ తిప్పింది. "ఈ వయసులో ఈ దిగుబడి! మేతలో ఏమిటమ్మా విశేషం?" అని ఆయన మైకులో అడిగారు. తోటికోడలు జనంలో ఉన్న తవిటమ్మ గారి వైపు చూసి, "మా అక్క సెయ్యి మంచిది బాబూ" అంది. చప్పట్లు కొట్టారు. గోవిందు కూడా కొట్టాడు. రోజూ క్యాను కొలిచేవాడు కనుక అతనికి సంగతి తెలుసు. సభ అయ్యాక నా పక్కకు వచ్చి, "తప్పు లిస్టులో ఉంటే నానేటి సేస్తానండి? లిస్టు దాటితే నా ఉద్యోగం ఊడుద్ది" అన్నాడు గొణుగుతూ.

ఆ తర్వాతి వారం ఇంకో సంగతి జరిగింది. మేలుజాతి దున్నలు ఉన్న రైతుల జాబితా మా ఆఫీసులోనే తయారైంది. ముర్రా జాతి, అయిదేళ్ల వయసు, మగ, గుర్రాలపాలెం. చుట్టుపక్కల ఊళ్ల రైతులకు, ఎదకు వచ్చిన గేదెలను ఫలానా చోటికి తోలుకెళ్లమని చీటీలు ఇచ్చారు. చీటీల మీద ముద్ర వేసింది నేనే, చదవకుండా.

తవిటమ్మ గారు చెబితే తెలిసింది. ఒక పెద్దాయన తెల్లవారుజామున బయల్దేరి, తొమ్మిది మైళ్లు గేదెను నడిపించుకుంటూ ఆవిడ వాకిట్లోకి వచ్చాడట. చీటీ చూపించాడు. ఆవిడ పాలు పితుకుతున్నారు. ఆయన కాసేపు నిలబడి చూశాడు.

"పొదుగుందే" అన్నాడట.

"నాకూ అలాగే అనిపించింది" అన్నారట ఆవిడ.

పెద్దాయన అరుగు మీద కూలబడ్డాడు. గేదె ఎదకు రావడం ఆ ఏడు అదే మొదటిసారట. ఇక మళ్లీ మూడు వారాలు చూడాలి. ఆవిడ ఆయనకు చెంబుడు మజ్జిగ ఇచ్చి, గేదెను నీడన కట్టించి పంపారు. ఇది నాకు చెబుతూ మొదట నవ్వారు. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"నాకు నవ్వులాటే బావూ. ఆ ముసిలాయన అంత దూరం నడిసొచ్చినాడు సూడు, అదీ బాధ."

ఆ రోజు నేను పరాంకుశం గారి గదికి వెళ్లి, తప్పు నాదని రాసిస్తాను, కావాలంటే నన్ను తీసేయండి, ఆ ఒక్క గడినీ మార్చనివ్వండి అన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"నీ బాధ నాకు అర్థమైంది సన్యాసిరావ్. కానీ పోలిక మధ్యలో నమూనాను మారిస్తే శాస్త్రీయత ఏం కావాలి? ఇంకో పదిహేను రోజులు. కమిషనర్ గారే స్వయంగా వచ్చి చూస్తారు. అంతవరకు ఆ పశువు సహకరించాలి."

ఆగస్టు పంతొమ్మిదిన కమిషనర్ గారు వచ్చారు. తక్కువ మాట్లాడే ఆవిడ. మీటింగు హాల్లో కొత్త తెర కట్టారు. తవిటమ్మ గారిని లబ్ధిదారు హోదాలో మూడో వరసలో కూర్చోబెట్టారు. పరాంకుశం గారు గంటసేపు చరిత్ర ప్రాముఖ్యం గురించి మాట్లాడి, "ఇప్పుడు యంత్రమే మాట్లాడుతుంది" అని కూర్చున్నారు.

రుత్విక్ మూడో డేటాబేస్‌ను ఎంచుకున్నాడు. "మేడమ్, దీని గొప్పతనం ఏమిటంటే, ఏ సంగతి ఎవరికి ఏ నిమిషాన తెలిసిందో అడిగితే చెబుతుంది. సుక్క గురించి అడుగుదాం."

అడిగాడు. తెర మీద ఒక్కో వరుసా పడింది.

సుక్క ఆడ అన్నది నిజం: పుట్టిన నాటినుంచి. కార్యాలయానికి తెలిసింది: జూన్ 9, ఉదయం 10:40. జాయింట్ డైరెక్టర్‌కు తెలిసింది: జూన్ 9, ఉదయం 11:05. తెలిసి కూడా మగగా కొనసాగించిన రోజులు: డెబ్బై ఒకటి.

పరాంకుశం గారు నీళ్ల గ్లాసు అందుకున్నారు. కమిషనర్ గారి పెదవుల మీద చిన్న నవ్వులాంటిది వచ్చింది.

"చాలా పారదర్శకంగా ఉంది" అన్నారు ఆవిడ. "కింద ఇంకా ఏదో ఉంది?"

"ఉంది మేడమ్. ఉత్తరాలు, అవి అందినట్టు మీ ఆఫీసు ఇచ్చిన రసీదులు కూడా కలిపాను" అని రుత్విక్ కిందికి జరిపాడు.

కమిషనర్ కార్యాలయానికి తెలిసింది: జూలై 2, మధ్యాహ్నం 12:15. ఉత్తరం తెరిచినవారు: కమిషనర్. మళ్లీ తెలిసింది: జూలై 21. మళ్లీ తెలిసింది: ఆగస్టు 8.

ఆవిడ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

"ఇది అన్నిటికీ ఇలాగే చూపిస్తుందా? అన్ని ఫైళ్లకూ?"

"అన్నిటికీ మేడమ్."

"తర్వాత తీసేయాలంటే?"

"తీయలేం మేడమ్. అందుకోసమే కదా" అన్నాడు రుత్విక్. అతనికి నిజంగా సంతోషంగా ఉంది.

కమిషనర్ గారు టీ తెమ్మన్నారు. టీ తాగుతూ పరాంకుశం గారితో నెమ్మదిగా, "సాంకేతికత బాగుంది. కానీ మన పరిస్థితులకు ఇంకా పరిపక్వం కాలేదనిపిస్తోంది" అన్నారు.

"నాకూ మొదటినుంచీ అదే అనిపిస్తోంది మేడమ్" అన్నారు పరాంకుశం గారు.

"ఎప్పటినుంచి సార్?" అని అడిగాడు రుత్విక్, తేదీ ఎక్కించుకోవడానికి.

నివేదికను ఆ సాయంత్రమే నాచేత టైపు చేయించారు. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: "నాలుగు డేటాబేస్‌లూ చరిత్రను కాపాడటంలో సంపూర్ణ సమర్థత కనబరిచినవి. కావున దేనినీ సిఫారసు చేయజాలము." నాలుగింటినీ కంప్యూటర్‌లోంచి తీసేయమన్నారు. మధ్యలో జరిగిన గందరగోళమంతా పోవడానికి మే ముప్పై ఒకటి నాటి పాత ప్రతిని తెచ్చి ఎక్కించమన్నారు. రుత్విక్ తన నల్ల సంచీ సర్దుకుంటూ, "సన్యాసిరావు గారూ, నేనేమైనా తప్పుగా చూపించానా?" అని అడిగాడు. "లేదు బాబూ, అన్నీ సరిగ్గానే చూపించావు" అన్నాను. బస్సు దాకా అతని సంచీ మోసుకెళ్లి ఇచ్చాను.

మర్నాడు పాత ప్రతి ఎక్కింది. అందులో సుక్క ఆడ. ఆ మరుసటి ఉదయం గోవిందు తవిటమ్మ గారి క్యాను అందుకుని, కొలిచి, ఆవిడ పేరు మీదే రాశాడు. తోటికోడలి గేదె మళ్లీ లీటరున్నరకు దిగింది. దాని ఆరోగ్యం గురించి విచారించమని మా ఆఫీసు నుంచి ఒక డాక్టరును పంపారు.

వారం తర్వాత తవిటమ్మ గారు వచ్చారు. చేతిలో మా ఆఫీసు ఇచ్చిన కొత్త కాగితం ఉంది. నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"బావూ, సుక్క ఆడదైపోనాది. సంతోసం. దూడేదీ మరి? గోవిందు సూసి, నీకు దూడ లేదు, పుట్టలేదు అంటన్నాడు."

కాగితం తీసుకుని చూశాను. నిజమే. దూడను ఎక్కించింది జూన్ నాలుగున. మే నెల ప్రతిలో అది ఇంకా లేదు.

"పోలిక అయిపోయింది కనుక ఇప్పుడు దిద్దుబాట్లకు అడ్డు లేదమ్మా. దరఖాస్తు ఇవ్వండి, కొత్తగా ఎక్కించేస్తాను. రెండు నిమిషాలు" అంటూ గడి తెరిచాను. వేలు లింగం దగ్గర పెట్టి, ఈసారి కళ్లు దగ్గరగా పెట్టి చూస్తున్నాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఒద్దు బావూ. ఒగ్గీ."

"పశువుకు నంబరు లేకపోతే రేపు ఇబ్బందమ్మా."

"ఉన్నదానికే పడ్డాం గదా ఇబ్బంది. ఇప్పుడది ఎక్కడా లేదు గదా? మీ లిస్టులో లేదు, గోవిందు దగ్గిర లేదు?"

"ఎక్కడా లేదు."

"మంచిది. పుట్టనట్టే ఉండనీ. సుకంగా పెరుగుద్ది" అని కాగితం మడిచి రొంటిన దోపుకుని, పన్నెండింటి బస్సు అందుకోవడానికి ఆవిడ లేచి వెళ్లిపోయారు.